నీళ్లు వదిలిన ఆదివారం

నా చెల్లెలు రాణిని దాని మొగుడు ప్రకాశ్ పట్టపగలు, అన్నం వేళకు, ఇనుప రాడ్డుతో తల పగలగొట్టి చంపాడు. ఈ మాట ముందే చెప్పేస్తున్నాను. ఎందుకంటే తర్వాత చెప్పబోయేది విన్నాక మీరంతా వాడి మీద జాలిపడతారు, నా మీద ఉమ్మేస్తారు. ఉమ్మేయండి. కానీ ముందు నా చెల్లెలి తలను ఒకసారి తలుచుకోండి.

వాళ్లుండేది సిరిసిల్లలో. ప్రకాశ్‌ది సాంచాల మీద పని. మరమగ్గాన్ని మా వైపు సాంచ అంటారు. ఆ రోజు కరెంటు పోయి సాంచాలు ఆగాయి, వాడు తాగి ఇంటికొచ్చాడు. కూర ఏదని అడిగాడట, ఇంకా ఉడుకుతోందని అది చెప్పిందట. అంతే. కూర ఉడికేదాకా ఆగలేక మనిషిని చంపాడు. నేను పోయేసరికి గిన్నెలో కూర మాడి బొగ్గయింది, రాణి గుమ్మానికి అడ్డంగా బోర్లా పడి ఉంది. దాని జడ రక్తంలో నాని గట్టిపడిపోయింది. మూడు దెబ్బలని డాక్టరు రాశాడు. మొదటిది కోపమనుకుందాం, రెండోది తాగిన మత్తనుకుందాం. మూడో దెబ్బను ఏమంటారు? కావాలని చంపలేదని చెప్పి కోర్టు వాడికి ఏడేళ్ల శిక్ష వేసింది. నేను మాత్రం ఆ గుమ్మం దగ్గరే వాడికి ఉరి వేసేశాను. అమలు చేయడమే మిగిలింది.

నా పేరు నరేశ్. మేడిపల్లి దగ్గర పంట కాలువ మీద లష్కర్‌ని. లష్కర్ అంటే సిపాయి అనుకునేరు, కాదు. కాలువకు నీళ్లు వదిలేవాడు, ఆపేవాడు. మా నాయన లచ్చయ్య ముప్పై ఏళ్లు ఇదే పని చేశాడు. ఆయన పోయాక షట్టర్ తిప్పే ఇనుప హ్యాండిల్ నా చేతికొచ్చింది. యాసంగిలో, అంటే ఎండాకాలపు పంటకు, మాకు వారం నీళ్లు, వారం బంద్. పెద్ద కాలువ ఎప్పుడూ పారుతూనే ఉంటుంది, మా వంతు రోజుల్లోనే నేను షట్టర్ లేపాలి. రైతులు నన్ను తిట్టినా, పిలిచి చాయ్ తాగించినా ఈ షట్టర్ గురించే.

రాణి పోయాక మా అమ్మ కొమురవ్వ అన్నం మానేసింది. రెండు నెలలకు మంచంలో మనిషి ఉందో లేదో తెలియనట్టు అయిపోయింది. పక్కింట్లో బీడీలు చుట్టే ఆమె కోరుట్లలో ప్రార్థనకని తీసుకుపోతే, పోనీలే ఏడ్చి వస్తుంది అనుకున్నాను. ఆరు నెలల తర్వాత అమ్మ కడుపునిండా తిన్నది. యేసును నమ్ముకున్నానంది. నేను అడ్డు చెప్పలేదు. ఎవరి పేరు చెప్పుకొని బతికితే నాకేం, బతికింది కదా అనుకున్నాను. నాకు తెలియనిదల్లా, నాలుగో ఏడాది నుంచి ఆమె నెలనెలా జైలుకు పోయి ప్రకాశ్‌ను చూసి వస్తోందని.

తెలిసిన రోజు ఆమెను కొట్టాను. చెయ్యి లేపాను అంటూ సర్ది చెప్పను. చెంప మీద కొట్టాను, పోయి గోడకు తగిలింది.

"బిడ్డను సంపినోని దగ్గరికి ఏం మొకం పెట్టుకోని పోతున్నవే?"

"తిట్టుదామనే పోయిన కొడుకా," అంది పెదవి మీద రక్తం తుడుచుకుంటూ. "కడుపుల ఉన్నదంత కక్కుదామని పోయిన. ఇనుప జాలి అవతల కూసోని వాడు ఏడ్సుకుంట, నేను సచ్చినోన్ని అత్తమ్మా, నన్ను యేసయ్య బతికిచ్చిండు అన్నడు. తిట్టకుండనే అచ్చిన."

"ఏడుసుడు నేర్సుకున్నడు. జైల్ల ఇంకేం పని ఉంటది వానికి?"

"నేనూ గట్లనే అనుకున్న. నెల నెలా పోయి సూసిన. దొంగేడుపైతే ఎన్నొద్దులుంటది? ఆ మనిషి వేరే ఐండు నరేశా."

నేను ఇంకో దెబ్బ వేయబోయి ఆగాను. ఆమె నా చేతి నుంచి మొహం తిప్పుకోలేదు. అది నాకు మరింత కోపం తెప్పించింది.

శిక్ష పూర్తయి ప్రకాశ్ విడుదలయ్యాడు. సిరిసిల్లలో వాళ్లమ్మ నర్సవ్వ దగ్గరుంటూ మళ్లీ సాంచాల పనికి చేరాడు. ఆదివారం ఆదివారం బస్సెక్కి కోరుట్లకు ప్రార్థనకు వస్తున్నాడని విని, ఒక ఆదివారం బస్టాండులో కాపు కాశాను. దిగీ దిగగానే కాలర్ పట్టుకుని సిమెంటు స్తంభానికేసి కొట్టాను. మూతి మీద గుద్దితే పన్ను ఊడి నా వేలి కణుపులో గుచ్చుకుంది. కింద పడేసి పక్కటెముకల మీద తన్నాను. జనం మూగారు. ఎవరో ఇతని చెల్లెల్ని చంపినోడట అన్నారు, ఇక ఎవరూ ఆపలేదు.

"లేప్రా చెయ్యి!" అని అరిచాను. "ఆడదాని మీద లేసింది గదా, నా మీద లేప్!"

"లేపను బావా," అన్నాడు నోట్లో రక్తం ఉమ్మి. "నువ్వు కొట్టేది న్యాయమే. కొట్టు."

నాకు కావాల్సింది అది కాదు. వాడు తిరగబడాలి, వాడిలోని ఆ పాత కుక్క బయటికి రావాలి, నేను దాన్ని అక్కడే చంపాలి. ఆ కుక్క లేదు. ఏడుపొచ్చింది నాకు. చెప్పు తీసి మొహం మీద నాలుగు వేసి వెళ్లిపోయాను.

అమ్మ వాళ్ల పాస్టర్ పేరు యోనా. సన్నటి మనిషి, టీవీఎస్ బండి మీద తిరుగుతాడు. మా ఇంటికొచ్చి చాప మీద కూర్చుని అమ్మకు వాక్యం చెబుతుంటే, నేను వినకూడదనుకుంటూనే అరుగు మీద కూర్చుని వినేవాణ్ణి. నిత్యజీవం అనేవాడు. అది చచ్చాక దొరికేది కాదట, నమ్మిన రోజే లోపల మొదలవుతుందట. మంచి పనులు చేసి సంపాదించేది కాదట, ఉత్తగానే ఇస్తాడట. ఒకసారి ఇచ్చాక చావు కూడా దాన్ని గుంజుకోలేదట. విని నాకు ఒళ్లు మండిపోయేది. అంటే ఏమిటి, నా చెల్లెలి తల పగలగొట్టినవాడికి ఉత్తగా చావు లేని బతుకా? వాడు చచ్చాక కూడా బతికి, ఎక్కడో తెల్లబట్టలు వేసుకుని పాటలు పాడుకుంటాడా?

అప్పుడు తెలిసింది, ప్రకాశ్ బాప్తీస్మం తీసుకుంటున్నాడని. నీళ్లలో ముంచి లేపుతారట, పాత మనిషి నీళ్లలోనే పోయి కొత్త మనిషి లేస్తాడట. నాది లష్కర్ బుద్ధి. షట్టర్ ఇవతల ఉన్నన్నాళ్లు నీళ్లు ఎవరివీ కావు, దాటాకే పొలానికి దక్కుతాయి. ఈ మునగడమే షట్టర్ అని నాకు అర్థమైంది. ముంచేలోపే వాడు చస్తే, వాడికి ఆ బతుకు దక్కదు. ఒట్టి చావు నాకు సరిపోదు. వాడు ఈ లోకంలోనూ చావాలి, ఆ లోకంలోనూ చావాలి. అంత కసి నాది.

వాళ్లు బాప్తీస్మాలకు మా కాలువకే వస్తారు. రోడ్డు కింద నుంచి కాలువను దాటించే పెద్ద పైపు ఉంది. దాని ముందు బట్టలుతికే మెట్లున్నాయి. బంద్ వారంలో కూడా అక్కడ ఛాతీ లోతు నీళ్లు కదలకుండా నిలబడి ఉంటాయి. దిగే ముందు పాస్టర్ ప్రతిసారీ నన్నే అడుగుతాడు. కాలువ సంగతి లష్కర్‌ను కాక ఎవర్ని అడుగుతారు?

"నరేశన్నా, ఆదివారం బందే గదా?" అని గురువారం వచ్చి అడిగాడు యోనా. "ఐదుగురు దిగుతున్నరు. ప్రకాశ్ ఆఖరుకు."

"బందే," అన్నాను. "మంచిగ దిగుండ్రి. సుక్క నీళ్లు రావు."

వందనాలన్నా అని ఆ పిచ్చి మనిషి నాకు రెండు చేతులూ జోడించాడు.

ఆదివారం పొద్దున జగిత్యాలలో పని ఉందని అమ్మకు చెప్పి, బండి టేకు చెట్ల వెనక పెట్టి షట్టర్ దగ్గరికి పోయాను. మెట్లకు ఎగువన ఒక ఫర్లాంగు ఉంటుంది, మధ్యలో వంపు, కనపడదు. ముందు రోజే చక్రానికి గ్రీజు పెట్టి ఉంచాను. ఒక్కొక్కరు మునిగి లేచినప్పుడల్లా అటు నుంచి చప్పట్లు, పాట. మనిషికీ మనిషికీ మధ్య ఒక ప్రార్థన. నేను లెక్కపెట్టుకుంటూ కూర్చున్నాను. నాలుగో చప్పట్లు వినగానే హ్యాండిల్ తగిలించి తిప్పాను. నా జీవితంలో అంత వేగంగా ఎప్పుడూ తిప్పలేదు. షట్టర్ పూర్తిగా లేచింది, పెద్ద కాలువ నీళ్లు మట్టిరంగులో ఎగిరి మా కాలువలో పడ్డాయి. నేలంతా అదిరింది. వాడి చావు కళ్లారా చూడాలని నేనూ గట్టు మీద నీళ్లతో పాటు పరుగెత్తాను.

వంపు తిరిగాక చూశాను. నీళ్లలో యోనా ఒక పక్క, మధ్యలో ప్రకాశ్. రెండో పక్క వాడి చెయ్యి పట్టుకుని మా అమ్మ.

వాళ్ల పద్ధతి నాకు తెలియదు, ఎప్పుడూ దగ్గరుండి చూడలేదు. ఒక పక్క పాస్టర్, రెండో పక్క సంఘంలో ఒకరు చెయ్యి పట్టుకుని ఇతని విశ్వాసానికి నేను సాక్షిని అని నిలబడాలట. మిగతా నలుగురికీ ఎవరో ఒకరు దిగారు. పెళ్లాన్ని చంపినవాడికి సాక్షిగా నిలబడటానికి ఒక్కరూ ముందుకు రాలేదట. అప్పుడు మా అమ్మ, అరవై ఏళ్ల మనిషి, కొంగు నడుముకు చుట్టుకుని దిగింది.

"అమ్మా! గట్టెక్కే!" అని అరిచాను. నీళ్ల మోతలో నా గొంతు నాకే వినపడలేదు. అప్పటికే ముందటి నీళ్లు వాళ్లను కొట్టాయి. ముగ్గురూ ఒక్కసారిగా పడిపోయారు. నేను దూకాలి కదా? దూకలేదు. మళ్లీ షట్టర్ వైపు పరుగెత్తాను, లష్కర్‌కు అదొక్కటే తెలుసు. తెరవడానికి ఎన్ని తిప్పులో మూయడానికీ అన్ని తిప్పులే. ఆ తిప్పుల మధ్య నేను ఏ దేవుణ్ణి పిలిచానో నాకు గుర్తు లేదు, అందరినీ పిలిచి ఉంటాను.

తిరిగి వచ్చేసరికి అమ్మ మెట్ల మీద ఉంది, నీళ్లు కక్కుతోంది. యోనా నుదురు చిట్లి మొహమంతా రక్తం. ప్రకాశ్ లేడు. జనం రోడ్డు దాటి పైపు అవతలి వైపు పరుగెడుతున్నారు. నీళ్లు తగ్గాక అక్కడ కొమ్మల్లో, చెత్తలో ఇరుక్కుని దొరికాడు. పైపు గోడకు కొట్టుకుని తల వెనక భాగం పగిలిపోయింది. రాణికి పగిలిన చోటే.

నేను పక్కనున్న ఒకామెను అడిగాను. నిజం చెప్తున్నాను, మా అమ్మ ఎలా ఉందని కాదు నేను అడిగింది.

"మునిగిండా? ముంచిండా పాస్టరు?"

"ఎక్కడిదయ్యా," అందామె ఏడుస్తూ. "ముంచుదామని చెయ్యి నెత్తి మీద పెట్టిండు, గంతల్నే నీళ్లచ్చినయ్."

గెలిచాను అనుకున్నాను.

పెద్ద కాలువ నీళ్ల ఒత్తిడికి షట్టర్ పట్టు జారి పైకి లేచిందని పోలీసులకు చెప్పాను. పాతది, చక్రం పళ్లు అరిగిపోయాయి, అలా జారడం కొత్తేమీ కాదు. నా బండిని ఎవరూ చూడలేదు. రెండు మూడు సంతకాలు పెట్టించుకుని పంపేశారు. సొంత తల్లి నీళ్లలో ఉండగా ఏ కొడుకైనా నీళ్లు వదులుతాడా అని నా తరఫున వాళ్లే మాట్లాడారు.

అమ్మను జగిత్యాల ఆస్పత్రిలో చేర్చాను. కుడిచేతి రెండు వేళ్లు విరిగాయి. కట్టు కట్టి పడుకోబెట్టారు. నర్సు అటు వెళ్లగానే అమ్మ నా వైపు తిరిగింది.

"ఎందుకిప్పినవ్ నరేశా నీళ్లు?"

"షట్టర్ జారిందే."

"ముప్పై ఏండ్లు షట్టర్ తిప్పినోని పెండ్లాన్ని. జారిన నీళ్లెట్ల అస్తయో, ఇప్పిన నీళ్లెట్ల అస్తయో నాకెర్కలేదా?"

నేను తలుపు వైపు చూశాను. ఎవరూ లేరు. ఇక దాచేదేముంది? నాలోని విషమంతా అప్పుడే బయటికొచ్చింది.

"ఔ, నేనే ఇప్పిన. నువ్వున్నవని తెల్వదు. తెలిస్తే ఇప్పేటోన్ని గాదు. గని వాన్ని సంపుదామనే ఇప్పిన. మునగక ముందే సంపిన. ఇగ నీ దేవుడు వాన్నెట్ల తీస్కుంటడో నేనూ సూస్త!"

అమ్మ కళ్లు మూసుకుంది. కోప్పడుతుందనుకున్నాను. తెరిచాక ఆ కళ్లలో ఉన్నది జాలి. చెంపదెబ్బ కన్నా అదే ఎక్కువ తగిలింది.

"పిచ్చోడా," అంది. "నీళ్లు ఎవర్ని బతికిచ్చినయ్? వాడు నమ్మిన నాడే వానికి బతుకచ్చింది. జైల్ల, జాలి అవతల, నా కండ్ల ముంగటనే. ఈ మునుగుడు నలుగురి ముంగట ఒప్పుకునుడే గని, ఇంకేం గాదు. నువ్వు వాని పెయ్యిని, ఒట్టి శరీరాన్ని సంపినవ్. వాన్ని సంపుడు నీతోని ఐతదా?" కట్టు కట్టిన చెయ్యి నా ముందుకు చాచింది. "గీ వేళ్లు ఎట్లిరిగినయ్ అనుకుంటున్నవ్? వాన్ని నీళ్లు గుంజుతున్నయ్. నేను పట్టిన చెయ్యి ఇడువలే. నన్ను గూడ పైపులకు తీస్కపోతున్నయ్. వాడే నా వేళ్లు ఇరిసి ఇడిపిచ్చుకున్నడు. ఇంకో చేత్తోని నన్ను మెట్ల దిక్కు నూకిండు."

నేను ఆ కట్టు నుంచి కళ్లు తిప్పుకున్నాను.

"వాడు బతికే ఉన్నడు," అంది అమ్మ. "సచ్చింది నువ్వు కొడుకా."

"పోలీసులకు చెప్తవా?"

"నేను చెప్ప. నేను చెప్తే నువ్వు జైలుకు పోతవ్, గంతే. నువ్వే పోయి చెప్తే బతుకుతవ్."

ఇంటికొచ్చాక ఆరు వారాలు అమ్మ కుడిచేత్తో తినలేకపోయింది. ఎడమచేత్తో తినదు. నేనే కలిపి ముద్దలు పెట్టాలి. చక్రం తిప్పిన చేత్తోనే పప్పన్నం కలిపి ఆమె నోట్లో పెట్టాను. ప్రతిసారీ నోరు తెరిచి తీసుకుంది. తినే ముందు ప్రార్థన. ప్రతి ప్రార్థనలోనూ ఒకే మాట. "తండ్రీ, సచ్చిన నా కొడుకును బతికియ్యి."

నేను నిక్షేపంగా ఉన్నాను. తింటున్నాను, బండి నడుపుతున్నాను, రైతులతో పోట్లాడుతున్నాను. పగ తీరినవాడికి నిద్ర పట్టాలి కదా? సంతోషం ఎక్కడ పడిపోయిందో వెతుక్కునేవాణ్ణి. ప్రకాశ్ పగిలిన తల గుర్తు చేసుకునేవాణ్ణి, దాంతో అయినా వస్తుందేమోనని. రాలేదు. దానికి బదులు రోజుకు రెండు పూటలా నా ఇంట్లోనే, నా చేతి అన్నం తింటూ, నా తల్లే నాకు సంతాపం చెబుతోంది.

ఒక మధ్యాహ్నం ఇక తట్టుకోలేకపోయాను. ఆమె చేతులు జోడించి సచ్చిన నా కొడుకును అనగానే పళ్లెం గోడకేసి కొట్టాను. "బతికే ఉన్ననే! కండ్లు కనవడ్తలేవా?" అని అరిచాను. ఆమె ఆపలేదు. మూలకు ఆనించి ఉన్న ఇనుప హ్యాండిల్ తీసి ఆమె తల మీదికి రెండు చేతులా లేపాను. ఆమె కళ్లు మూసుకుని ప్రార్థన చేసుకుంటూనే ఉంది. కట్టులోంచి ఉబ్బిన వేళ్లు కనపడుతున్నాయి. పాపిట దగ్గర జుట్టు పలచబడి మాడు కనపడుతోంది. అక్కడే కొట్టాలని నా చేతులకు ఎంత ఆశగా ఉందో చెప్పలేను. ఒకటి కాదు, ఆ నోరు ఆగేదాకా ఎన్నయినా. మూడో దెబ్బ ఎక్కడ నుంచి వస్తుందో నాకు అప్పుడు తెలిసింది. నేనూ ప్రకాశూ వేరు కాదు. వాడు జైలుకు పోకముందు ఎక్కడ ఉన్నాడో నేను అక్కడ ఉన్నాను.

హ్యాండిల్ కింద పడేశాను. చొక్కాకు పప్పు మరకలు అలాగే ఉండగా బస్సెక్కి, జగిత్యాలలో మారి సిరిసిల్లలో దిగాను.

నర్సవ్వ ఇంటి ముందు గదిలో కూర్చుని, ఒళ్లో చాట పెట్టుకుని, బీడీల ఆకు కత్తిరిస్తోంది. గోడ మీద రాణి పెళ్లి ఫోటో. దానికీ దండ, పక్కన ప్రకాశ్ ఫోటోకీ దండ. పక్కింట్లో సాంచాలు దడదడలాడుతున్నాయి.

"రా నరేశా," అంది. "మీ అమ్మ చెయ్యి ఎట్లున్నది?"

"నీ కొడుకును నేనే సంపిన," అన్నాను.

సాంచాల చప్పుడుకు ఆమెకు వినపడలేదు. ఏందని చెవి దగ్గర చెయ్యి పెట్టుకుంది. ఒకసారి చెప్పడానికే నా ప్రాణాలు పోయాయి, రెండోసారి గొంతు చించుకుని చెప్పాలి.

"నీళ్లు జారలే! నేనే ఇప్పిన! ప్రకాశ్‌ను సంపుదామని కావాలనే ఇప్పిన!"

వీధిలో పోయేవాళ్లు కూడా ఆగి చూశారు. నర్సవ్వ లేచింది. చాట జారి ఆకులు నేలంతా పడ్డాయి. చేతిలో కత్తెర ఉందని ఆమెకు గుర్తుందో లేదో. మొదటి పోటు భుజంలో దిగింది. లాగి రెండోది చెంప మీద వేసింది, దవడ ఎముకకు తగిలి జారింది. నేను చేతులు వెనక్కి కట్టుకున్నాను. ఇది గొప్పకు చెప్పడం లేదు, వదిలేస్తే ఆ చేతులు ఏం చేస్తాయో నాకు తెలుసు కనుక కట్టుకున్నాను.

"నీ చేత పన్ను ఊడగొట్టిచ్చుకోని నవ్వుకుంట అచ్చిండురా ఇంటికి!" అని మళ్లీ పొడిచింది. "నరేశ్ బావను ఏమనకే అమ్మా అన్నడు! తాగుడిడిసిండు, నాకు అన్నం వండి పెట్టిండు! నాకు ఏడాదే దొరికిండురా నా కొడుకు, ఒక్క ఏడాది!"

పక్కింటివాళ్లు వచ్చి కత్తెర లాక్కునేసరికి నా చొక్కా ముందు భాగమంతా తడిసిపోయింది. వాళ్లు నన్ను ఆస్పత్రికి తీసుకుపోతామన్నారు. ముందు పోలీస్ స్టేషనుకు అన్నాను. అక్కడ మొత్తం చెప్పాను. గ్రీజు సంగతి, నాలుగు చప్పట్ల సంగతి, అన్నీ. రాసుకునే కానిస్టేబుల్ మధ్యలో కలం ఆపి, నీకు తలకేమైనా దెబ్బ తగిలిందా అని అడిగాడు. నర్సవ్వ మీద కేసు వద్దని కూడా చెప్పాను. నా చెంపకు, భుజానికి కుట్లు వేయించి సాయంత్రానికి మళ్లీ స్టేషను వరండాలో కూర్చోబెట్టారు.

నర్సవ్వ అదే వరండాలో అవతలి బెంచీ మీద ఉంది. ఇంటికి పొమ్మన్నా పోలేదు. ఫోన్ చేస్తే అమ్మ ఒక్కతే బస్సులో వచ్చింది. నా వైపు చూసింది, కుట్లు చూసింది, అయినా ముందు నర్సవ్వ దగ్గరికే పోయి పక్కన కూర్చుంది. ఒకామె బిడ్డను ఇంకొకామె కొడుకు చంపాడు, ఆ కొడుకును మొదటామె కొడుకు చంపాడు. ఒకరితో ఒకరు ఏం చెప్పుకుంటారు?

"వదినె," అంది చివరికి నర్సవ్వ. "నీ చెయ్యి ఇడిపిచ్చుకునేటప్పుడు వాడు ఏమన్న అన్నడా?"

ఆ ప్రశ్న నేను ఎప్పుడూ అడగలేదు. మునిగాడా అని మాత్రమే అడిగాను.

"అన్నడు," అంది అమ్మ. "నోట్ల నీళ్లు పోతున్నయ్, అయినా అన్నడు. 'ఇడువు అత్తమ్మా, నువ్వు గట్టెక్కు. నాకేం గాదు' అన్నడు. బయపడలే వదినె. మనం పక్క ఊరికి పోతా పోతా చెప్పినట్టు చెప్పిండు. నాకేం గాదని."

నర్సవ్వ అమ్మ భుజం మీద తల పెట్టి పెద్దగా ఏడ్చింది. అమ్మ ఆ విరిగిన చెయ్యే ఆమె వీపు మీద వేసి నిమిరింది.

నేను వాణ్ణి రెండు లోకాల్లోనూ చంపాలనుకున్నాను. పైపులోకి పోతూ వాడు నాకేం కాదన్నాడు. నేను గట్టు మీదే ఉండి చచ్చాను. నాకు అసూయ కలిగింది. చెల్లెల్ని చంపినవాడి మీద, నా చేత చచ్చినవాడి మీద నాకు అసూయ కలిగింది. వాడికి దొరికిందే నాకు కావాలి. నాకు సంపాదించే యోగ్యత లేదు, అడిగే మొహం కూడా లేదు. వరండాలో నేల మీదికి జారి, కుట్లు లాగుతుంటే, పైకే అడిగాను.

"నాక్కూడ గా బతుకియ్యి తండ్రీ. సచ్చి ఉన్న. నన్ను లేపు."

నర్సవ్వ తలెత్తింది. నన్ను చూసిన ఆ చూపులో కత్తెర ఇంకా ఉంది.

"ఆయన నిన్ను ఇడిసిపెట్టినా నేను ఇడిసిపెట్టనురా," అంది. "నేనుండంగ నిన్ను మాఫ్ చెయ్య."

"చెయ్యకు అత్తమ్మా," అన్నాను. ఆమెను అలా పిలవడం అదే మొదటిసారి. ఆమె చూస్తుండగానే ఆ తండ్రిని మళ్లీ అడిగాను.